కొల్లేరు పక్షుల యాత్ర: విజయవాడ, గుంటూరు నుంచి వెళ్లేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

కార్తీకం దాటగానే మొదలయ్యే ప్రశ్న ఇది: "కొల్లేరు వెళ్దామనుకుంటున్నాం, ఎప్పుడు వెళ్లాలి, ఎలా చూడాలి?" వెళ్లొచ్చినవాళ్ల మాట ఇంకోలా ఉంటుంది: "ఏముందండీ అక్కడ? నీళ్లు, దూరంగా నాలుగు కొంగలు."

వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. పదిన్నరకి చేరుకుని, పడవెక్కి, సెల్ఫీలు దిగి, భోజనాల వేళకి కైకలూరు సెంటర్లో తేలితే కనిపించేది అంతే. మొదటిసారి నేనూ అలాగే వెళ్లాను. ఆదివారం, ఎనిమిది మందిమి, ఇద్దరు పిల్లలు, మా బావ తెచ్చిన బ్లూటూత్ స్పీకర్. పక్షుల కన్నా మేం చేసిన గోలే ఎక్కువ.

తర్వాత నెమ్మదిగా అర్థమైంది. చిత్తడి నేలల్లో తిరిగేవాడికి తక్కువ కనిపిస్తాయి, కూర్చున్నవాడికి ఎక్కువ కనిపిస్తాయి. కింద రాసిన పద్ధతంతా ఆ కూర్చోవడానికి చేసుకునే ఏర్పాటే.

1. నెల, రోజు, గంట

నవంబరు మూడో వారం నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా మంచి కాలం. గూడకొంగలు (పెలికాన్లు) గూళ్ల మీద ఉంటాయి, మధ్య ఆసియా వైపు నుంచి సూదితోక బాతుల్లాంటి వలస బాతులు కూడా దిగి ఉంటాయి. నాకు అన్నిటికన్నా జనవరి ఇష్టం. పిల్లలు గూట్లో నుంచి తల బయటపెట్టి అరిచే రోజులవి.

సెప్టెంబరు, అక్టోబరుల్లో వద్దు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు తెచ్చే నీళ్లన్నీ కొల్లేరులోనే పడతాయి. బయటికి పోవడానికి ఉన్న ప్రధాన దారి ఉప్పుటేరు ఒక్కటే. గట్టి వాన పడితే ఏలూరు–కైకలూరు రోడ్డు మీదికి కూడా నీళ్లొస్తాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మన వీధుల్లో నిలిచిన ఆ బుడమేరే చివరికి చేరేది కొల్లేరుకి. మన కాలవలో పడేసిన కవరు ఎక్కడికి పోతుందో వేరే చెప్పక్కర్లేదు.

మార్చి దాటితే ఎండ. నీళ్లు తగ్గి పక్షులు ఒకచోట చేరతాయి కాబట్టి చూడ్డానికి సులువే, కానీ తొమ్మిదింటికే మనిషి వాడిపోతాడు.

వారం మధ్యలో వెళ్లండి. కుదరకపోతే శనివారం. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ తల్లి జాతర జరిగే రోజుల్లో దారంతా జనం. అమ్మవారి దర్శనానికైతే అప్పుడు వెళ్లండి, పక్షుల కోసమైతే ముందో వెనకో.

ఇక గంట. డిసెంబరు, జనవరిలో మన దగ్గర సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో. వెలుగు పరుచుకునే వేళకి మీరు నీటి ఒడ్డున ఉండాలి. అక్కడి నుంచి తొమ్మిదిన్నర దాకా ఒక ఆట, సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడేదాకా రెండో ఆట. మధ్యలో పక్షులూ నిద్రపోతాయి, మీరూ పడుకోవచ్చు.

2. ముందు ఉప్పలపాడులో ఒక పూట

నేరుగా కొల్లేరు వెళ్లొద్దు. ఈ మాట ఎవరికీ నచ్చదు, అయినా చెప్తాను.

గుంటూరుకి సుమారు పది కిలోమీటర్ల దూరంలో, పెదకాకాని మండలంలో ఉప్పలపాడు ఉంది. ఊరి చెరువు చిన్నది, పక్షులు బోలెడు. గూడకొంగలు, ఎర్రకాళ్ల కొంగలు, తెల్ల కంకణాలు (ఐబిస్‌లు), నీటికాకులు చెట్ల మీదా, నీళ్లలో పాతిన ఇనుప స్టాండ్ల మీదా కిక్కిరిసి ఉంటాయి. దూరం తక్కువ కాబట్టి కంటికి అలవాటు పడటానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. కొల్లేరులో చుక్కలా కనిపించే పక్షి ఇక్కడ ముక్కు రంగుతో సహా కనిపిస్తుంది.

సాయంత్రం నాలుగింటికి వెళ్లండి. ఒక్కచోట కూర్చుని మూడు పనులు చేయండి.

ఒకటి: ఐదు పక్షులే ఎంచుకోండి. ఒక్కోదాన్ని పది నిమిషాలు చూడండి. ముక్కు ఎలా ఉంది, కాళ్ల రంగేమిటి, ఎగిరేటప్పుడు మెడ చాచిందా ముడిచిందా. కొంగల్లో ఈ మెడ సంగతే సగం పరీక్ష. తెల్లకొంగ, గుడ్డికొంగ, నారాయణపక్షి మెడ ముడుచుకుని ఎగురుతాయి. ఎర్రకాళ్ల కొంగ, నత్తగుల్ల కొంగ, కంకణం మెడ చాచి ఎగురుతాయి.

రెండు: లెక్కపెట్టడం నేర్చుకోండి. ముందు పది పక్షుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టండి. ఆ పది ఎంత చోటు ఆక్రమించాయో కంట్లో పెట్టుకుని, అలాంటి చోట్లు ఎన్నున్నాయో చూడండి. గుంపు పెద్దదైతే యాభై చొప్పున. మొదట్లో అందరికీ తక్కువే వస్తుంది, నాకైతే సగానికి సగం తక్కువొచ్చేది.

మూడు: పొద్దుగూకే వేళ ఆకాశం చూడండి. మేతకి పోయిన పక్షులు గుంపులుగా దిగుతాయి. ఏ దిక్కు నుంచి వస్తున్నాయో రాసుకోండి. మేత పొలాలు ఎటున్నాయో అదే చెప్తుంది.

ఊళ్లో నడిచేటప్పుడు ఎవరి ఇంటి ముందో బండి పెట్టేసి పోకండి. "పెద్దమ్మా, ఇక్కడ బండి పెట్టుకోవచ్చా?" అని అడిగితే, బండికి చోటు దొరుకుతుంది, ఆ ఏడు పక్షులు ఎప్పుడొచ్చాయన్న కబురూ దొరుకుతుంది.

3. బైనాక్యులర్‌ని మీ కంటికి సరిచేసుకోవడం

చాలామంది కొనడానికి నెల ఆలోచిస్తారు, సరిచేసుకోవడానికి రెండు నిమిషాలు పెట్టరు. మా బావ బైనాక్యులర్‌తో నేను ఒక పూటంతా ప్రతి పక్షినీ మసగ్గా చూసి, తలనొప్పితో ఇంటికొచ్చాను. వస్తువు మంచిదే, నా కళ్లకి సరిచేయలేదంతే.

కొనేటప్పుడు 8x42 చాలు. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు కాబట్టి తెల్లవారుజామున కూడా వెలుతురు సరిపోతుంది. 20 రెట్లు, 30 రెట్లు అని రోడ్డు పక్కన అమ్మేవి వద్దు. చెయ్యి ఏమాత్రం వణికినా బొమ్మ చెదిరిపోతుంది.

సరిచేసే వరస ఇది. ఇంటి డాబా మీద నిలబడి చేయండి.

☐ రెండు గొట్టాల్నీ దగ్గరికీ దూరానికీ కదిపి, రెండు గుండ్రాలు కలిసి ఒకటే గుండ్రంగా కనిపించేలా పెట్టుకోండి.
☐ కళ్లజోడు ఉన్నవాళ్లు కంటి దగ్గరి రబ్బరు కప్పుల్ని లోపలికి తిప్పండి లేదా మడవండి. లేనివాళ్లు బయటికి లాగండి.
☐ దూరంగా ఉన్న బోర్డు అక్షరాలు ఎంచుకోండి. కుడికన్ను మూసి, ఎడమకంటితో చూస్తూ మధ్య చక్రం తిప్పి స్పష్టంగా చేయండి.
☐ ఇప్పుడు ఎడమకన్ను మూసి, మధ్య చక్రం ముట్టుకోకుండా, కుడి గొట్టం దగ్గరున్న రింగు తిప్పి అదే బోర్డు స్పష్టంగా చేయండి.
☐ ఆ రింగు ఎక్కడుందో స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టుకోండి. ఇకమీదట మధ్య చక్రం ఒక్కటే తిప్పాలి.

పక్షిని పట్టుకోవడానికి కూడా ఒక చిట్కా ఉంది. కన్ను పక్షి మీద నుంచి తీయకుండా బైనాక్యులర్‌ని కంటి దగ్గరికి తీసుకురండి. కంటికి పెట్టుకున్నాక వెతకడం మొదలుపెడితే ఆకాశం తప్ప ఏమీ దొరకదు. డాబా మీద కాకులతో రెండు రోజులు ఆడుకుంటే చేతికి వచ్చేస్తుంది.

4. ముందు రోజు సాయంత్రం

రాయడం మొదలుపెడితే జాబితా కొల్లేటి చాంతాడంత అవుతుంది. కొల్లేరు వెళ్తూ ఆ మాట నిజం చేయొద్దు. నా సంచిలో ఉండేవి ఇవి:

☐ బైనాక్యులర్, చిన్న నోట్‌బుక్, పెన్సిల్ (పెన్ను తడికి పనిచేయదు)
☐ మనిషికి రెండు లీటర్ల నీళ్లు, స్టీలు సీసాల్లో
☐ టోపీ. ఎండకే కాదు, గూళ్ల కింద నడిచేటప్పుడు పైనుంచి పడేవాటికి కూడా
☐ ఒక పాత తువ్వాలు, ఒక జత పొడి సాక్సులు
☐ దోమలకి ఒంటికి రాసుకునే క్రీము
☐ ఫోన్‌లో ముందే దించుకున్న మ్యాపు, నిండుగా చార్జింగ్ ఉన్న పవర్ బ్యాంకు
☐ చెత్త తిరిగి తెచ్చుకోవడానికి ఒక గోనె సంచి

బట్టలు మట్టిరంగు, ఆకుపచ్చ, బూడిదరంగు. తెలుపు, ఎరుపు, నిమ్మపండు పసుపు వద్దు. సెంటు కూడా వద్దు. అది పక్షుల కోసం కాదు, పడవలో పక్కన కూర్చున్నవాడి కోసం.

తిండికి పులిహోర లాంటిది ఏదీ లేదు. చల్లారినా బాగుంటుంది, విస్తరాకులో తినేసి ఆకు ఆవుకి వేయొచ్చు. చిప్స్ ప్యాకెట్లు ఇంట్లోనే వదిలేయండి. ఆ కవరు చప్పుడు నీటి మీద ఎంత దూరం పోతుందో మీకు తెలీదు.

పడవ సంగతి ఒకటి. మనం పక్షుల్ని చూడబోయేది కైకలూరు పక్కనున్న ఆటపాకలో. అక్కడ అటవీ శాఖ పడవ నడవడం నీటి మట్టాన్ని బట్టి ఉంటుంది. కైకలూరులో తెలిసినవాళ్లెవరైనా ఉంటే ముందు రోజే కనుక్కోండి. పడవ లేకపోయినా యాత్ర చెడిపోదు, కానీ పిల్లలకి మాటిచ్చేసి ఉంటే మాత్రం టెన్షన్ మీదే.

5. దారి, టైమ్

విజయవాడ నుంచి గుడివాడ, ముదినేపల్లి మీదుగా కైకలూరు సుమారు 80 కిలోమీటర్లు, రెండు గంటలు. గుంటూరు వాళ్లు దీనికి ఇంకో గంట కలుపుకోండి. ఆటపాక కైకలూరుని ఆనుకునే ఉంటుంది.

బస్సులో రావాలంటే పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్ నుంచి గుడివాడకీ, కైకలూరుకీ సర్వీసులున్నాయి. విజయవాడ–గుడివాడ–భీమవరం రైలు మార్గంలో కైకలూరు స్టేషన్ ఉంది. కాకపోతే బస్సు, రైలు పట్టుకుని తెల్లవారేసరికి చేరడం కష్టం. అలాంటప్పుడు ముందు రోజు సాయంత్రమే కైకలూరు చేరి, రాత్రికి అక్కడ పడుకోవడం తెలివైన పని.

సొంత బండి ఉంటే నా టైమ్ ఇలా ఉంటుంది: విజయవాడలో 4:15కి బయల్దేరడం, గుడివాడలో టీ, 6:20కి ఆటపాక. జనవరిలో గుడివాడ దాటాక కాలవల మీద పొగమంచు దట్టంగా కమ్ముతుంది. చేపల లారీలు, ఐసు లారీలు ఎదురొస్తాయి. మంచు మరీ ఎక్కువగా ఉంటే టీకొట్టు దగ్గర అరగంట ఆగండి. ఆ మంచు పోయేదాకా చెరువులో మాత్రం ఏం కనిపిస్తుంది?

6. ఆటపాకలో మొదటి అరగంట

బండి దిగగానే తలుపులు దడాలున వేయకండి. ఫోన్లు సైలెంట్‌లో పెట్టండి. ఎవరైనా ఎదురైతే నమస్కారం పెట్టి, "ఈ మధ్య పక్షులు ఎటు వైపు ఎక్కువగా ఉంటున్నాయండీ?" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్న గంట నడకని మిగులుస్తుంది.

తర్వాత గట్టు మీద సూర్యుడు మీ వెనక ఉండే చోటు వెతుక్కోండి. పొద్దున పూట అంటే మీరు తూర్పు ఒడ్డున ఉండి పడమటి వైపు చూడాలి. ఎండ ఎదురుగా ఉంటే ప్రతి పక్షీ నల్లబొమ్మే.

కూర్చోండి. ఇరవై నిమిషాలు ఎక్కడికీ కదలొద్దు, ఫోటోలు కూడా తీయొద్దు. మొదటి ఐదు నిమిషాలు ఏమీ ఉండదు. పదో నిమిషానికి, మీరు రాగానే కిక్కిసలోకి దూరిన నీలపు బొల్లికోడి ఒక్కో కాలూ ఎత్తి వేస్తూ బయటికొస్తుంది. ఎర్రటి ముక్కు, పొడవాటి ఎర్రటి వేళ్లు. ఒక కాలితో తుంగ కాడని పట్టుకుని, మనం చెరుకు ముక్క పట్టుకున్నట్టు నోటి దగ్గరికి తెచ్చుకుని కొరుక్కుంటుంది. పక్షి కాలుని చెయ్యిలా వాడటం నేను మొదటిసారి చూసింది అక్కడే. అప్పటిదాకా అది నాకు 'నీలంగా ఉన్న కోడి' అంతే.

జపం దొంగదైనా సరే, ఇక్కడ కొంగే మనకి గురువు. అది నిలబడ్డంత సేపు మీరు కూర్చోగలిగితే చాలు.

పడవ ఉంటే ఎనిమిది లోపే ఎక్కండి. లైఫ్ జాకెట్ తొడిగి బకిల్ పెట్టుకోండి, ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం కాదు. పిల్లల్ని మధ్యలో కూర్చోబెట్టండి. నిలబడి ఫోటోలు తీయొద్దు. పడవ నడిపే ఆయన్ని "ఇంకా దగ్గరికి పోనివ్వు" అని బతిమాలొద్దు, వంద నోటు చూపించొద్దు. ఆయన ఆగిన చోటు ఊరికే ఆగింది కాదు.

7. నీటి లోతుని బట్టి పక్షిని గుర్తుపట్టడం

బొమ్మల పుస్తకం పట్టుకుని మూడొందల పక్షుల్లో వెతకడం కొత్తవాళ్ల వల్ల కాదు. ముందు నీళ్లు చూడండి. ఏ లోతులో ఉందో తెలిస్తే సగం పేరు తెలిసినట్టే.

తడి మట్టి, వేలు మునిగేంత నీరు: సన్నటి పొడవాటి గులాబి కాళ్లతో నలుపు తెలుపు పిట్ట ఉంటే అది బ్లాక్ వింగ్డ్ స్టిల్ట్. మట్టిరంగు చిన్న పిట్టలు పరుగులు పెడుతూ పొడుస్తుంటే ఉల్లంకులు. ఇవి ఒకదానికొకటి భలే పోలి ఉంటాయి. మొదటి ఏడాది వాటి జోలికి పోకండి.

కొంగకి మోకాలి లోతు: ఎర్రకాళ్ల కొంగ, తెల్లకొంగలు. ఎర్రకాళ్ల కొంగ మేసే తీరు చూడాలి. ముక్కు సగం తెరిచి నీళ్లలో ముంచి, అటూ ఇటూ కలుపుతూ నడుస్తుంది. చేప ముక్కుకి తగిలిన క్షణంలో టక్కున మూస్తుంది. కంటితో వెతకదు, కాబట్టి బురద నీళ్లలోనూ మేయగలదు. కానీ లోతు పెరిగితే దానికి పనిలేదు. నిలువెత్తు గట్లు పోసి తవ్విన చేపల చెరువుల్లో ఈ కొంగలు తక్కువ ఎందుకో ఇక్కడ అర్థమవుతుంది. నీళ్లు ఉన్నాయి, చేపలూ ఉన్నాయి, కాళ్లే అందవు.

గుర్రపుడెక్క, తామరాకుల మీద: జకానాలు. చాలా పొడవైన వేళ్లతో ఆకుల మీద నడిచిపోతుంటాయి.

లోతు నీళ్లు: గూడకొంగ, బొల్లికోడి, నీటికాకి, పాముమెడ పక్షి. మెడ ఒక్కటే నీళ్ల పైకి పాములా కనిపిస్తే పాముమెడ. నీటికాకి అయితే వీపు కూడా కొంచెం తేలుతుంది. గూడ అంటే పొలానికి నీళ్లు తోడే బుట్ట. గూడకొంగ ముక్కు కింద తిత్తిని నీళ్లలో ముంచి ఎత్తడం ఒకసారి చూస్తే ఆ పేరు పెట్టినవాళ్లకి దండం పెడతారు.

వరి పొలాలు: నత్తగుల్ల కొంగ, కంకణాలు, పశువుల వెంట ఉండే తెల్లకొంగలు. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తుంది, దెబ్బ తగిలిందేమో అనుకోకండి. నత్తల్ని పట్టడానికి ఆ ముక్కు. రైతుకి చుట్టం లాంటిది.

కరెంటు తీగలు: లకుముకి పిట్టలు, పాలపిట్ట, పసిరిక పిట్టలు. కారు దిగకుండా చూసేవి ఇవి. కారే మంచి చాటు.

8. గూళ్ల దగ్గర

మిగతావన్నీ మర్చిపోయినా ఇది మర్చిపోవద్దు.

గూడకొంగ సుమారు నెల రోజులు గుడ్లు పొదుగుతుంది. పుట్టిన పిల్లకి ఒంటి మీద ఈకలుండవు. ఎండలో తల్లి రెక్క నీడ కావాలి. మనం అరిస్తే, చప్పట్లు కొడితే, డ్రోన్ ఎగరేస్తే తల్లి లేచిపోతుంది. అంతే, కాకులకీ గద్దలకీ అదే అదను. బెదిరిన పిల్లలు గూట్లోంచి జారి నీళ్లలో పడతాయి. మనకి మాత్రం 'ఒకేసారి వంద పక్షులు ఎగిరిన వీడియో' మిగులుతుంది.

గుర్తు ఒకటి చెప్తాను. గూటి మీది పక్షులు మెడలు నిటారుగా పెట్టి మీ వైపే చూస్తుంటే మీరు ఇప్పటికే దగ్గరికి వచ్చేశారు. వెంటనే వెనక్కి జరగండి. మెడలు వదులై, రెక్కలు దువ్వుకోవడం మొదలుపెడితే ఆ దూరం సరైనది.

☐ ఫ్లాష్ వద్దు. ఫోన్‌లో పక్షి కూతలు పెట్టి పిలవొద్దు.
☐ బొరుగులు, బిస్కెట్లు వేయొద్దు.
☐ కింద పడిన పిల్లని, చచ్చిన పక్షిని చేత్తో ముట్టుకోవద్దు. అక్కడున్న అటవీ సిబ్బందికి చెప్పండి.
☐ ఈక కూడా ఇంటికి తేవొద్దు.

కొల్లేరులో ఐదో కాంటూరు (సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తున గీసిన హద్దు) లోపలి 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల జాబితాలో (రామ్‌సర్ జాబితా) చేరింది. 2006లో ఆ హద్దు లోపలి చేపల చెరువుల గట్లు పెద్దఎత్తున కొట్టేశారు కూడా. గట్టు మీద నిలబడ్డ మనకి ఆ గీత కనిపించదు. అందుకని అంతా అభయారణ్యమే అనుకుని నడుచుకోండి.

దారిలో ఏదో హోటల్లో ఎవరైనా గొంతు తగ్గించి "అడవి బాతు ఉంది, చేయించమంటారా" అంటే వద్దని లేచి వచ్చేయండి. నాకు ఒకసారి ఎదురైంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. తినేవాడు లేకపోతే వల పన్నేవాడూ ఉండడు.

9. చేపల చెరువు గట్ల మీద

ఆటపాక అయ్యాక లంక గ్రామాల వైపు పోతే దారికి రెండు వైపులా చెరువులే. వాటి మీదా పక్షులుంటాయి, కానీ చెరువు ఒకరి సొత్తు. మేతా పెట్టుబడీ వాళ్లవి, చేపని ఎత్తుకుపోయే నీటికాకి మీద వాళ్లకి కోపం ఉంటుంది. అక్కడికి వెళ్లి సంరక్షణ గురించి ఉపన్యాసం ఇవ్వకండి.

"బాబాయ్, గట్టు మీద కాసేపు నిలబడి పిట్టల్ని చూసుకోవచ్చా?" చాలు. కాపలా కుక్క ఉందా అని కూడా అడగండి. చెరువు చుట్టూ కట్టిన సన్నటి నైలాన్ దారాలు పొద్దున వెలుగులో కనిపించవు, మెడకి తగులుతాయి. ముందూ కిందా చూసి నడవండి. గట్టు గడ్డిలో పాములుంటాయి, చెప్పులు కాకుండా బూట్లు వేసుకోండి.

తెగిపోయి పడున్న వల ముక్కలు, గేలం దారాలు కనిపిస్తే, యజమానికి చెప్పి గోనె సంచిలో వేసుకోండి. పక్షి కాలికి ఒకసారి చుట్టుకుంటే ఊడేది కాదు.

10. పొరపాట్లు, వాటి మందు

"ఇవన్నీ సైబీరియా నుంచి వచ్చాయి." ప్రతి గట్టు మీదా వినిపించే మాట. గూడకొంగ, ఎర్రకాళ్ల కొంగ మన దేశపువే, నీళ్లని, మేతని బట్టి ఒకచోటు నుంచి ఇంకోచోటుకి పోతుంటాయి. దూరదేశాల నుంచి వచ్చేవి బాతుల్లో, ఉల్లంకుల్లో చాలా ఉన్నాయి. పిల్లలకి తప్పు చెప్పకండి, స్కూల్లో రాసేస్తారు.

ఫోటోల్లో తెల్లకొంగ సున్నం ముద్దలా వస్తోందా? ఎక్స్‌పోజర్ ఒక మెట్టు తగ్గించండి. ఆకాశంలో ఎగిరే నల్లపక్షికి ఒక మెట్టు పెంచండి. ఎగిరేటప్పుడు చెదిరిపోతుంటే షట్టర్ వేగం 1/1000 పైన పెట్టండి. ఫోన్‌తో అయితే దూరపు పక్షి జోలికి పోకుండా, చెరువూ మంచూ పడవా కలిసిన ఫోటో తీసుకోండి. అదే బాగుంటుంది.

పిల్లలు గంటకే విసుగెత్తిపోతారు. వాళ్లకి లెక్క అప్పగించండి: "తీగ మీద లకుముకి పిట్టలు ఎన్నో నువ్వు, గూడకొంగలు ఎన్నో అక్క." పోటీ మొదలైతే మీరే బతిమాలి ఇంటికి తీసుకురావాలి.

ఒకే రోజులో ఉప్పలపాడు, ఆటపాక, కొల్లేటికోట, పనిలో పనిగా మంగినపూడి బీచ్. ఇలాంటి ప్లాను చాలామంది చూపిస్తారు. అది డ్రైవరుకి మంచి రోజు, మీకు కాదు.

పక్షి పేరు తెలియక గొడవలు. తెలియకపోతే 'పెద్ద తెల్లకొంగ లాంటిది, నల్ల ముక్కు' అని రాసుకుని వదిలేయండి. తప్పు పేరు కన్నా అది నయం.

11. మడ అడవులు: రెండో యాత్రకి

కృష్ణ సముద్రంలో కలిసే చోట నాగాయలంక, హంసలదీవి వైపు మడ అడవులున్నాయి. కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం అదే. చేపలు పట్టి తినే బావురుపిల్లి ఉండే చోటు. రాత్రి తిరిగే జంతువు, కనిపిస్తుందని ఆశపడకండి, బురదలో అడుగులు కనిపించినా అదృష్టమే.

ఇక్కడ గడియారం కన్నా ఆటుపోట్లు ముఖ్యం. పోటుకీ పోటుకీ మధ్య పన్నెండు గంటల పాతిక నిమిషాల దూరం, రోజూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర నీరు ఎక్కువ ఎక్కి ఎక్కువ తీస్తుంది. నీరు తీసినప్పుడు బురద బయటపడి ఉల్లంకులు దిగుతాయి, అదే సమయంలో పడవ ఇసుకలో దిగబడుతుంది. అందుకని నీరు తీయడం మొదలైనప్పుడు చూసుకుని, పూర్తిగా తీసేలోపు రేవుకి చేరేలా జాలరులతో మాట్లాడుకోండి. లోపలికి వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోండి.

తిల్ల చెట్టు కొమ్మ విరవకండి. దాని పాలు ఒంటికి తగిలితే బొబ్బలొస్తాయి, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. చెట్టు తెలియకపోతే ఏ కొమ్మా పట్టుకోవద్దు.

12. ఇంటికొచ్చాక

ఆ రాత్రే రాయండి, మర్నాటికి సగం మర్చిపోతారు. తేదీ, చోటు, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, ఎంత దూరం నడిచారు, ఏ పక్షి ఎన్ని. ఈబర్డ్ అనే ఉచిత యాప్‌లో ఇవే వివరాలు నింపితే పరిశోధకులకీ పనికొస్తుంది. అరుదైనవి మాత్రమే కాకుండా కనిపించినవన్నీ వేయండి. కాకి, గోరింక కూడా. ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన, ఫిబ్రవరిలో నాలుగు రోజుల గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతాయి. ఉప్పలపాడులో నేర్చిన లెక్క అక్కడ అక్కరకొస్తుంది.

బూట్ల మట్టి పెరట్లోనే కడగండి. గుర్రపుడెక్క ముక్కలు అంటుకుని ఉంటే ఎండబెట్టి పారేయండి, కాలవలోకి వదలొద్దు. ఒక్క ముక్క చాలు దానికి.

బైనాక్యులర్‌ని పంచెతోనో చొక్కా అంచుతోనో తుడవొద్దు. ముందు ఊదండి, ఆ తర్వాత కళ్లజోడు గుడ్డతో మెత్తగా తుడవండి. మన కోస్తా తేమకి అద్దం లోపల బూజు పడుతుంది. మూత గట్టిగా ఉన్న డబ్బాలో, కొత్త చెప్పుల పెట్టెలో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి పెట్టండి. పొట్లాల్ని అప్పుడప్పుడు మార్చేయండి.